ఇంగెర్ క్రిస్టెన్సెన్ కవిత్వంలో ప్రత్యేకత ఏమిటి? ఆమె రాతప్రతులు ఎక్కడున్నాయి?

ఈ డెన్మార్క్ కవయిత్రిని (1935–2009) చదవాలంటే 1981లో వచ్చిన ‘ఆల్ఫబెట్’తో మొదలుపెట్టమంటాను. అందులో ఒక్కో భాగం ఒక్కో అక్షరం పట్టుకుని నడుస్తుంది. పంక్తులేమో ఫిబొనాచీ వరసలో, అంటే ముందున్న రెండు సంఖ్యలు కలిపితే తర్వాతిది వచ్చేలా పెరుగుతాయి: 1, 2, 3, 5, 8, 13... మొదటి భాగంలో ఆప్రికాట్ చెట్లు ఉన్నాయన్న మాట తప్ప ఇంకేమీ లేదు. లెక్క కట్టి రాస్తే కవిత్వం ఎండిపోతుందనుకుంటాం కానీ ఇక్కడ అలా జరగలేదు. చెట్లూ పక్షులూ ఉన్నాయని చెబుతూనే అణుబాంబు కూడా ఉందంటారామె. 14వ అక్షరం ‘ఎన్’ దగ్గర ఆపేశారు. ఆ వరసలో ఆ భాగానికే 610 పంక్తులు కావాలి మరి!

డెన్మార్క్‌లో పేరు తెచ్చింది మాత్రం 1969 నాటి కవితా సంపుటి ‘డెట్’ (‘అది’ అని అర్థం). 1991లో రాసిన ‘సీతాకోకచిలుకల లోయ’ 15 సానెట్ల (14 పంక్తుల కవితల) మాల. ఒక సానెట్ చివరి పంక్తి తర్వాతిదానికి మొదటి పంక్తి అవుతుంది. విడిచిన పదంతోనే మళ్లీ అందుకునే మన ముక్తపదగ్రస్తం అలంకారం తెలిసినవాళ్లకు ఇది సులువుగా పట్టుబడుతుంది. మొదటి 14 సానెట్ల తొలి పంక్తులన్నీ కలిస్తే 15వది.

ఆమె కాగితాలు కోపెన్‌హాగెన్‌లోని రాయల్ లైబ్రరీలో ఉన్నాయి. అచ్చుకాని రచనలతో 2018లో ఒక పెద్ద సంపుటి కూడా వచ్చింది.