లండన్ వీధుల పేర్లలో కనిపించే 'మ్యూస్' అంటే అసలు అర్థం ఏమిటి?

మ్యూస్ అంటే మొదట్లో, వేట డేగలు పాత ఈకలు రాల్చి కొత్తవి వేసుకునే కాలంలో వాటిని ఉంచే చోటు.

పాత ఫ్రెంచిలో 'ముయే' అంటే మారడం, ఈకలు రాల్చడం. డేగ ఈకలన్నీ ఒక్కసారే రాల్చదు. వసంతం నుంచి నెలల తరబడి, రెక్కల ఈకలను ఇటొకటి అటొకటిగా రాలుస్తుంది. కొత్త ఈక కాడ మెత్తగా, నెత్తురుతో నిండి ఉంటుంది; దేనికైనా కొట్టుకుంటే విరిగి రక్తం కారుతుంది. ఆ రోజుల్లో తిండి తగ్గినా ఇబ్బందే: ఈకకు అడ్డంగా సన్నని గీత పడుతుంది, పెరిగాక చాలాసార్లు ఆ గీత దగ్గరే పుటుక్కున విరుగుతుంది. అందుకే వేట మానిపించి, కడుపునిండా మాంసం పెట్టి, అలికిడి లేని చోట వదిలేసేవారు.

లండన్ చేరింగ్ క్రాస్ దగ్గర 1377 నుంచి రాజుగారి డేగల మ్యూస్ ఉండేది. 1534లో అది కాలిపోయింది. మళ్లీ కట్టినప్పుడు గుర్రపుశాల చేశారు కానీ, పేరు అలాగే ఉంచేశారు. 'మారడం' అనే మాటే మారకుండా మిగిలిందన్నమాట! తర్వాత సంపన్నుల ఇళ్ల వెనక గుర్రపుశాలలుండే సందులకూ ఆ పేరే వచ్చింది.

మ్యూస్ అంటే మొదటినుంచీ గుర్రపుశాలే అనుకోవడం పొరపాటు. ఇంగ్లిషులో పిల్లి కూతనూ 'మ్యూ' అంటారు కానీ, దానికీ దీనికీ సంబంధం లేదు. డేగలు పెంచేవాళ్లు ఇప్పటికీ డేగల గదినే మ్యూస్ అంటారు.