జింక్ మాత్రల కన్నా ముందు పథ్యం సంగతి చూడండి

మీ నాన్నగారికి హెర్నియా ఆపరేషన్ అయి మూడు వారాలైనా గాయం మానలేదని, జింక్ మాత్రలు వేయొచ్చా అని అడిగారు. ముందు ఆయన ఏం తింటున్నారో చూడండి.

మా అమ్మకు గాల్ బ్లాడర్ ఆపరేషన్ అయినప్పుడు మల్కాజిగిరిలో మా ఇంటికి వచ్చిన చుట్టాలందరిదీ ఒకటే మాట: "పప్పు పెట్టకండి, చీము పడుతుంది." పప్పు, గుడ్డు, మటన్ అన్నీ బంద్. ఇరవై రోజులు చారన్నం, బ్రెడ్డు, టీ. కట్టు మార్చేది నేనే. గాయం అంచులు పాలిపోయి ఉండేవి, మధ్యలో కొత్త కండ పిసరంత కూడా లేదు. షుగర్ లేదు, ఇన్ఫెక్షన్ లేదు. సర్జన్ గారు డైటీషియన్ దగ్గరికి పంపితే ఆవిడ అంతా విని, "గాయం పూడటానికి సరుకే అందట్లేదు కదమ్మా" అన్నారు.

కొత్త కండకు ఆధారం కొల్లాజెన్ అనే ప్రోటీన్. దాన్ని తయారుచేసే ఒక ఎంజైముకు ఇనుము, విటమిన్ సి రెండూ కావాలి. ఆ కొల్లాజెన్ పోగుల్ని ఒకదానికొకటి ముడివేసే ఇంకో ఎంజైము లైసిల్ ఆక్సిడేజ్‌కు రాగి (కాపర్) కావాలి. పాడైన పాత పోగుల్ని కత్తిరించి తీసేసే ఎంజైములు జింక్‌తో పనిచేస్తాయి. అందుకే ఒక్క జింక్ పోస్తే సరిపోదు. పైగా జింక్ నెలల తరబడి ఎక్కువైతే పేగుల్లో రాగిని పట్టేసే ప్రోటీన్ పెరిగి, రాగి ఒంటికి అందదు. తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2020 లెక్క ప్రకారం మగవాళ్ళకు రోజుకు 17 మిల్లీగ్రాముల జింక్ చాలు, 40 దాటకూడదు. మెడికల్ షాపుల్లో 50 మిల్లీగ్రాముల మాత్రలు కూడా ఉంటాయి, డాక్టర్ చెప్పకుండా కొనకండి. ఒంట్లో లోపం లేకపోతే వాటితో గాయం వేగంగా మానదు కూడా.

అమ్మకు ముద్దపప్పు, గుడ్డు, మొలకెత్తిన పెసలు, వారానికోసారి కాస్త కార్జం మొదలుపెట్టాం. పప్పుల్లో ఉండే ఫైటేట్లు అనే పదార్థాలు జింక్‌ను, ఇనుమును పట్టేస్తాయి. నానబెట్టినా, మొలకెత్తించినా, ఇడ్లీ పిండిలా పులియబెట్టినా అవి తగ్గుతాయి. అన్నం తినగానే టీ తాగడం మాన్పించాం, ఇనుము ఒంటబట్టనివ్వదని. పది రోజులకు గాయం అడుగున దానిమ్మ గింజల్లా ఎర్రటి చుక్కలు కనిపించాయి. కొత్త కండ అదేనని నర్సమ్మ చూపిస్తే నాకు ఏడుపొచ్చింది.

నాన్నగారికి కిడ్నీ సమస్య ఉంటే మాత్రం పప్పు, మాంసం పెంచేముందు డాక్టర్‌ను అడగండి. షుగర్ పరీక్ష ఒకసారి చేయించండి. గాయం చుట్టూ ఎర్రబడినా, వేడిగా ఉన్నా, జ్వరం వచ్చినా తిండితో నయమవుతుందని ఆగకుండా అదే రోజు సర్జన్‌కు చూపించండి.