అప్రెంటిస్ జాకీ ఎక్కిన గుర్రం మీద పందెం కాయొచ్చా?

"అనుభవం లేని అప్రెంటిస్ జాకీ ఎక్కితే ఆ గుర్రాన్ని వదిలేయాలా, బరువు తగ్గుతుంది కదా అని కాయాలా?" అని అడిగారు. అప్రెంటిస్ అంటే ఇంకా పని నేర్చుకుంటున్న జాకీ. అనుభవం లేదు కాబట్టి వాడు ఎక్కిన గుర్రం మోయాల్సిన బరువులో కొంత తగ్గిస్తారు. కాయండి. కాకపోతే చూడాల్సింది కుర్రాణ్ణి కాదు, గుర్రాన్ని.

గేటు తెరవగానే ముందుకు వెళ్లి, చివరిదాకా ముందే ఉండాలనుకునే గుర్రాలు కొన్ని ఉంటాయి. అలాంటి గుర్రం మీద అప్రెంటిస్ ఎక్కాడంటే నాకు ఏ బెంగా ఉండదు. వెనక నిదానంగా వచ్చి, ఆఖరి మలుపు తిరిగాక గుంపులోంచి సందు చూసుకుని దూసుకురావాల్సిన గుర్రమైతే మాత్రం ఆ కుర్రాడు ఎంత చురుకైనవాడైనా రూపాయి పెట్టను. ముందున్న గుర్రాల్లో ఏది అలిసిపోతోంది, ఏ పక్క దారి తెరుచుకుంటుంది, ఏ క్షణంలో కదలాలి, ఇవన్నీ రేసుల్లో నలిగితే గానీ రావు. ముందుండే గుర్రానికి ఆ గొడవే లేదు. దాని ముందు ఉండేది ఖాళీ ట్రాకే.

నేను కళ్లారా చూసిన ఒక రేసు చెప్తాను. 1400 మీటర్ల హ్యాండీక్యాప్, అంటే మంచి గుర్రానికి ఎక్కువ బరువు వేసి పోటీని సమం చేసే రేసు. నాకు నచ్చిన ఆడగుర్రానికి అన్నిటికన్నా ఎక్కువగా 60 కిలోల టాప్ వెయిట్ వేశారు. ముందుండి పరిగెత్తే రకం అది. దాని మీద ఒక అప్రెంటిస్‌ని పెట్టారు, 3 కిలోల తగ్గింపుతో 57కి వచ్చింది. రేసుకు ముందు గుర్రాల్ని తిప్పే ప్యాడక్‌లో ఆ కుర్రాడి ముఖంలో నెత్తురు చుక్క లేదు. కళ్లజోడు హెల్మెట్ మీదికి జరుపుతాడు, మళ్లీ కిందికి లాగుతాడు. ట్రైనర్ ఏదో చెబుతుంటే తల ఊపుతున్నాడు గానీ చూపు గుర్రం చెవుల మీదే ఉంది. నా పక్కన నిలబడ్డ పెద్దాయన రేస్ కార్డ్ మడిచి జేబులో పెట్టుకుంటూ, "పిల్లాణ్ణి ఎక్కించారండీ, ఇక ఆ గుర్రం గోవిందా" అన్నాడు. చుట్టుపక్కల నలుగురూ అవునవునన్నారు. ఆడ్స్ పెరుగుతూ పోయి 10కి 1 అయ్యాయి, అంటే గెలిస్తే రూపాయికి పది రూపాయల లాభం. నాకు కావలసిందీ అదే.

గేటు తెరుచుకుంది. కుర్రాడు ఒక్క ఊపున ముందుకు వెళ్లి ట్రాక్ లోపలి కంచె, అదే రెయిల్, పట్టుకున్నాడు. వెనకున్న పేరుమోసిన జాకీలెవరూ వాణ్ణి పట్టించుకోలేదు. ఎలాగూ అలిసిపోయి వెనక్కి వస్తాడులే అని వాళ్ల ధీమా. సగం దూరం వెళ్లాక నాకు అర్థమైంది, వాడు పరిగెత్తించడం లేదు, గుర్రానికి ఊపిరి తీసుకునే వీలిస్తున్నాడు. చేతులు మెడ మీద కదలకుండా పెట్టి, వేగం మెల్లగా తగ్గించాడు. ఆ సంగతి వెనకవాళ్లు మలుపు తిరిగేదాకా కనిపెట్టలేదు. ఆఖరి తిన్నని దారి, అదే స్ట్రెయిట్‌లోకి రాగానే విప్ (కొరడా) జారి కిందపడింది. స్టాండ్‌లో ఒకటే గోల. వాడు ఒకసారి తడుముకుని, తర్వాత ఉత్త చేతులతోనే గుర్రాన్ని తోసుకుంటూ వచ్చాడు. జనం ఎక్కువగా కాసిన ఫేవరెట్, మన గుర్రం నడుము దాకా వచ్చింది, అక్కడే ఆగింది. అర లెంగ్త్ (గుర్రం పొడవులో సగం) తేడాతో మనదే గెలుపు.

పెద్దాయన ఏమన్నాడో తెలుసా? "అదృష్టం బాబూ."

నాకు ఒళ్లు మండేది ఇక్కడే. అప్రెంటిస్ ఓడిపోతే వాడి చేతకానితనం, గెలిస్తే అదృష్టం. సీనియర్ జాకీ ఓడిపోతే మాత్రం ట్రాక్ బాలేదు, గుర్రానికి ఒంట్లో బాలేదు, గేటు సరిగా పడలేదు. అసలు ఆ బరువు తగ్గింపు ఇచ్చేదే అనుభవం లేని లోటు పూడ్చడానికి. బ్రిటన్‌లో 20 గెలుపులు వచ్చేదాకా 7 పౌండ్లు, 50 వచ్చేదాకా 5, 95 వచ్చేదాకా 3 తగ్గిస్తారు. 7 పౌండ్లంటే 3 కిలోల పైచిలుకు. 5 ఫర్లాంగుల (సుమారు ఒక కిలోమీటరు) రేసులో ఒక లెంగ్త్‌కి సుమారు 3 పౌండ్లని, బరువులు నిర్ణయించే హ్యాండీక్యాపర్లు లెక్క వేస్తారు, అంటే ఆ 7 పౌండ్లు రెండు లెంగ్త్‌లకు పైనే. ముక్కు తేడాతో డబ్బు పోగొట్టుకుని వారమంతా ఏడ్చేవాళ్లు రెండు లెంగ్త్‌లు ఊరికే ఇస్తానంటే వద్దంటారు! అమెరికాలో స్టీవ్ కాథెన్ 1976లో అప్రెంటిస్‌గా మొదలుపెట్టి, 1977లో 487 రేసులు గెలిచాడు. ఆ మరుసటి ఏడాది 18 ఏళ్లకే అఫర్మ్‌డ్ అనే గుర్రం మీద మూడు పెద్ద రేసులూ గెలిచి ట్రిపుల్ క్రౌన్ కొట్టాడు. ఆ కుర్రాడి మొదటి రేసుల్లో కూడా "పిల్లాడండీ" అని మొహం తిప్పుకున్నవాళ్లు ఉండే ఉంటారు.

ఇంకో సంగతి, దీన్ని చాలామంది చూడరు. తగ్గింపు కాగితం మీద ఉంటే సరిపోదు, కుర్రాడు ఆ బరువుకి దిగగలగాలి. గుర్రానికి వేసిందే 51 కిలోలు అనుకుందాం. 3 కిలోలు తీస్తే 48. జీనుతో కలిపి కుర్రాడే 51 తూగితే తగ్గింపు గాల్లో కలిసిపోయినట్టే. అప్పుడు మీకు మిగిలేది అనుభవం లేని జాకీ ఒక్కడే. అందుకే నేను అప్రెంటిస్‌ని ఎప్పుడూ ఎక్కువ బరువు వేసిన గుర్రాల మీదే వెతుకుతాను. అతి పెద్ద రేసుల్లో మామూలుగా ఈ తగ్గింపు ఉండదు కాబట్టి అక్కడ ఈ లెక్క పనికిరాదు.

ఆ ఆడగుర్రం తర్వాతి రేసు కూడా చెప్పాలి. గెలిచింది కాబట్టి రేటింగ్ పెంచారు, అంటే మోయాల్సిన బరువూ పెరిగింది. యజమానికి ఆశ పుట్టింది. కుర్రాణ్ణి దింపేసి పెద్ద పేరున్న జాకీని ఎక్కించారు. తగ్గింపు పోయింది, జనం మాత్రం ఎగబడి కాశారు, ఫేవరెట్ అయి కూర్చుంది. ఆయన తన అనుభవమంతా ఉపయోగించి దాన్ని వెనక పట్టి ఉంచాడు. ముందు పరిగెత్తే గుర్రాన్ని! మలుపులో నాలుగు గుర్రాల మధ్య ఇరుక్కుని, బయటపడేసరికి రేసే అయిపోయింది. ఎవరూ ఆయన్ని ఒక్క మాట అనలేదు.

కాబట్టి ఈసారి రేస్ కార్డ్ తీసినప్పుడు ఇలా చేయండి. గుర్రం పాత రేసుల్లో ఎక్కడుండి పరిగెత్తిందో చూడండి. గుంపు చిన్నదైతే ఇంకా మంచిది. ఆ తర్వాత కుర్రాడికి ఇప్పటిదాకా ఎన్ని గెలుపులు వచ్చాయో కనుక్కోండి. తగ్గింపు మారే హద్దుకి ఒకటి రెండు గెలుపుల దూరంలో ఉన్నాడంటే నాకు పండగే. అది పోకముందే వాడుకోవాలని తెలివైన ట్రైనర్ అప్పుడే తన మంచి గుర్రాన్ని వాడి చేతికిస్తాడని నా గట్టి నమ్మకం.