పేతురును పట్టిచ్చిన యాస

తమ్ముడూ,

నీ కథ నిన్న రాత్రి రెండుసార్లు చదివాను. "అక్క ఫోన్ చేసింది, నేను ఎత్తలేదు" అన్న వాక్యం దగ్గర గుండె కలుక్కుమంది. తర్వాత కోపమొచ్చింది. ఆ ఒక్క మాట రాసి నువ్వు పారిపోయావు. ఫాతిమానగర్ కెథడ్రల్‌లో ఈస్టర్‌కు ముందు తపస్సు కాలం మొదలయ్యే విభూది బుధవారం నాడు నుదుట బూడిద పెట్టించుకుని మూడు పేజీలు ఏడ్చావు. "ఘోర పాపిని, అయోగ్యుడిని" అంటూ ప్రసంగంలో వినే మాటలే అన్నీ. అక్క ఎందుకు ఫోన్ చేసింది? అప్పుడు నువ్వేం చేస్తున్నావు? తెల్లారి ఆమె ముఖం ఎలా ఉంది?

ఆ బూడిద పోయిన ఏడాది మట్టల ఆదివారం నాడు చేతుల్లో పట్టుకున్న మట్టలను కాల్చి చేసింది. నీ కథలో బూడిదే కనబడుతోంది, ఏం కాలిందో కనబడటం లేదు.

యేసు ఎవరో తనకు తెలియదని బొంకిన శిష్యుడు పేతురు సంగతి చూడు. రాత్రి చలి, వాకిట్లో మంట, నిలదీసిన పనిపిల్ల, చివరికి కోడికూత. అన్నీ ఉన్నాయి. సువార్తలో మత్తయి ఇంకో సంగతి కూడా రాశాడు: నీ మాటే నిన్ను పట్టిస్తోందని అక్కడున్నవాళ్లు పేతురుతో అన్నారు. గలిలయ యాస. ఆ యాసను పక్కనపెట్టి తప్పు ఒప్పుకోవడం కుదరదని నా నమ్మకం. నీ కథలో అక్క "నీవు రావలెను" అంటుంది. కాజీపేటలో ఏ అక్క అట్లా మాట్లాడుతుంది?

ఇది నాకు ఊరికే తెలిసింది కాదు. ముప్పై ఏళ్ల కింద నా కథలో మా యాసలో రాసిన అవ్వ (తల్లి) మాటలన్నీ ఒక పత్రిక ఎడిటర్ ఎర్ర ఇంకుతో కొట్టేశాడు. "మీ ఇంట్లో ఇట్లాగే మాట్లాడతారా?" అని అడిగాడు. "లేదు సార్, కూలీవాళ్లు మాట్లాడేది" అన్నాను. మా అవ్వ కూలికి పోయి నన్ను చదివించింది. కథ అచ్చయ్యాక చదివి వినిపించమంది. అంతా విని, "గీ తల్లి ఎవలు బిడ్డా? మనోళ్ల లెక్క లేదు" అంది. నాకు నోరు పెగల్లేదు. ఆ ఎడిటర్ మీద కోపం ఇప్పటికీ పోలేదు, కానీ ఆ అబద్ధం ఆడింది నేను. అవ్వ బతికుండగా ఆమెకు చెప్పలేకపోయాను. ఏటా తపస్సు కాలంలో యేసు సిలువ మోసిన ఘట్టాల ముందు చేసే సిలువ మార్గం ప్రార్థనలో నిలబడితే ముందు గుర్తొచ్చేది ఆ మాటే.

ఇంకొకటి. నీ కథలో విభూది బుధవారం నుంచి తపస్సు కాలం నలభై రోజులు లెక్కపెట్టి ఈస్టర్ అన్నావు. ఆ నలభైలో ఆదివారాలు రావు. బుధవారం నుంచి లెక్కేస్తే ఈస్టర్‌కు ముందురోజుకు 46 రోజులు. దిద్దుకో.

ఏ పత్రికకు పంపాలని అడిగావు, అది తర్వాత చూద్దాం. కథ మళ్లీ రాయి. ఈస్టర్ దాటినా పర్వాలేదు, తొందర లేదు. అక్క ఆ రాత్రి ఎందుకు ఫోన్ చేసిందో ఈసారి రాయి.

మీ అన్న,
హనుమకొండ