తప్పు చేసిన పిల్లల కేసుల్లో తోటి పిల్లలను కూర్చోబెట్టొచ్చా?

చిన్న నేరాల్లో దొరికిన పిల్లలను నిర్బంధానికి పంపకుండా, మాట్లాడి పరిష్కరించే కమిటీ పెడుతున్నామన్నారు. అందులో పదహారు, పదిహేడేళ్ల వాళ్లను కూర్చోబెడితే మెతకగా వదిలేస్తారేమోనని మీ అనుమానం.

ఆ టెన్షన్ అక్కర్లేదు. జరిగేది సరిగ్గా దానికి ఉల్టా. ఇలాంటి కమిటీలో నేను నాలుగేళ్లు వాలంటీరుగా పనిచేశాను. మొదటి ఏడాది క్లాస్ ఫస్ట్ వచ్చేవాళ్లను, డిబేట్లలో కప్పులు కొట్టినవాళ్లను ఏరి ఏరి తీసుకున్నాం. వాళ్లు మాకంటే కఠినంగా తయారయ్యారు. గోడల మీద రంగు పూసిన కుర్రాడికి వంద గంటల సేవ వేద్దామన్నారు. వందే ఎందుకని అడిగితే, 'రౌండ్ ఫిగర్ కదా సార్' అన్నాడొకడు.

రెండో ఏడాది నుంచి, అంతకుముందు మా ఎదుట తలొంచుకుని కూర్చున్నవాళ్లలో కొందరిని కమిటీలోకి పిలిచాం. ఇది మా బుర్రలో పుట్టింది కాదు. అమెరికాలో పిల్లల కేసులను తోటి పిల్లలే వినే టీన్ కోర్టుల్లో, తన కేసు ముగిసిన పిల్లవాడు ఇంకొకరి కేసులో జ్యూరీగా కూర్చోవడం చాలాచోట్ల శిక్షలో భాగమే.

తేడా ఏమిటో ఒక్క కేసు చెబుతాను. రాత్రిపూట స్కూలు కిటికీల అద్దాలు పగలగొట్టిన పదిహేనేళ్ల అబ్బాయి. మేమేం అడిగినా 'తెలీదు' అంటాడు. అరగంట అయ్యాక, అంతకుముందు దొంగతనం కేసులో మా దగ్గరికొచ్చిన అమ్మాయి, 'రాళ్లు అక్కడికెళ్లాక ఏరుకున్నావా, ముందే పట్టుకెళ్లావా?' అంది. వాడు తలెత్తాడు. 'జేబులో వేసుకెళ్లా.' 'ఎప్పట్నుంచి ఉన్నాయి?' 'పొద్దుట్నుంచి.' అప్పుడు బయటికొచ్చింది, ఆ పొద్దున క్లాసులో అందరి ముందూ జరిగిన అవమానం. ఆ ప్రశ్న మా పెద్దవాళ్లకి ఎవ్వరికీ తట్టలేదు. ఆ గాజుపెంకులు ఎత్తుతూ వాచ్‌మన్ చెయ్యి కోసుకున్నాడన్న సంగతి వాడికీ తెలీదు. ఇద్దరినీ ఎదురెదురుగా కూర్చోబెట్టాం. చివరికి వాడు నాలుగు శనివారాలు అద్దాలు బిగించే అతని వెంట ఉండి పని చేశాడు.

నా లెక్కలో అసలు కిటుకు ఆ ఎదురెదురుగా కూర్చోవడమే. కెనడాలో ఒంటారియోలోని ఎల్మైరాలో 1974లో ఇద్దరు కుర్రాళ్లు 22 చోట్ల ఆస్తులు ధ్వంసం చేస్తే, ప్రొబేషన్ అధికారి (జైలుకు పంపకుండా బయట ఉంచినవాళ్ల బాగోగులు చూసే ఉద్యోగి) వాళ్లను బాధితుల గుమ్మాల దగ్గరికే తీసుకెళ్లాడు. నష్టం కట్టించారు కూడా. బాధితులను, నేరం చేసినవాళ్లను కలిపే ఈ పద్ధతి ఇప్పటి రూపంలో అక్కడి నుంచే మొదలైందంటారు.

కమిటీలో కూర్చునే పిల్లలకు శిక్షణలో సెక్షన్లు చెప్పకండి, ప్రశ్నలు అడగడం నేర్పండి. దారి ఖర్చులు ఇవ్వండి, వీలైతే వాళ్లు వెచ్చించే సమయానికి కూడా డబ్బు ఇవ్వండి. కేసు తమ క్లాస్‌మేట్‌ది అయితే ఆ రోజు పక్కకి తప్పుకోవాలని, గదిలో విన్నది గదిలోనే ఉండాలని మొదటి రోజే ఒప్పించండి. లైంగిక హింస, ఇంట్లో హింస లాంటి కేసులు మాత్రం వాళ్ల ముందు పెట్టకండి. ఇక వాళ్లు తేల్చింది మీరు వెనకనుంచి మార్చొద్దు. మేం ఒక్కసారి మార్చాం. ఇద్దరు మళ్లీ రాలేదు, తప్పు మాదే.

'జైలు చూపించి భయపెడదాం' అనేవాడు ప్రతి కమిటీలోనూ ఒకడుంటాడు. అలా జైలు చూపించే కార్యక్రమాల మీద పరిశోధనలన్నీ కలిపి చూస్తే, ఏమీ చేయకుండా వదిలేసినవాళ్లకంటే జైలు చూసొచ్చిన పిల్లలే తర్వాత ఎక్కువ తప్పులు చేశారని తేలింది. ఆ మాట ఆయనకి నెమ్మదిగా చెప్పండి.

ఇంకో ప్రమాదం కూడా ఉంది. కమిటీ ఉంది కదా అని, పోలీసులు మందలించి పంపేయాల్సిన పిల్లలను కూడా మీ దగ్గరికి తోలడం మొదలెడతారు. న్యూజిలాండ్ 1989 చట్టం ప్రకారం వేరే దారి ఉన్నప్పుడు, ప్రజాప్రయోజనానికి తప్పనిసరైతే తప్ప పిల్లల మీద క్రిమినల్ కేసు నడపకూడదు. మందలింపుతో పోయేదానికి మీ కమిటీ కూడా దండగే. మేం అలాంటివి తిప్పి పంపేవాళ్లం, కొంచెం మొహమాటంగానే.

అన్నట్టు, పరీక్షల రోజుల్లో కేసులు పెట్టుకోకండి. ఒకసారి మూడు వారాలపాటు ఒక్క కుర్రాడితోనే నడిపించాం.