సంతకం పెట్టే ముందు ఇది చదువు నాన్నా

ప్రియమైన చిన్నాకి,

మామ్మ ఆశీర్వదించి రాయునది. మొన్న రాత్రి ఫోన్లో నువ్వడిగిన మాటకి అప్పటికప్పుడు జవాబు చెప్పలేకపోయాను. "బైబిల్లో ఒక అంకె తప్పేమో అనిపిస్తే నాకు రక్షణ లేనట్టేనా మామ్మా?" అన్నావు. నీ గొంతులో వణుకు విని నాకూ నిద్ర పట్టలేదు.

లేదు నాన్నా, అలా కాదు. నిన్ను పాపం నుంచి రక్షించేది యేసు ప్రభువు. బైబిలు గురించి నువ్వు ఒప్పుకునే సిద్ధాంతం కాదు.

మీ ఫెలోషిప్‌లో ఇచ్చిన కాగితం ఫొటో చూశాను. బైబిల్లో చరిత్రలో గానీ అంకెల్లో గానీ ఒక్క పొరపాటూ లేదని నమ్మనివాడు రక్షింపబడలేదని రాసి, కింద సంతకం పెట్టమన్నారు. నువ్వేమో రెండో రాజులు 24లో యూదా రాజు యెహోయాకీను పద్దెనిమిదేళ్ళకి రాజయ్యాడనీ, రెండో దినవృత్తాంతాలు 36లో ఎనిమిదేళ్ళకే అయ్యాడనీ చదివి బెంగ పెట్టుకున్నావు. ఆ తేడా కొత్తగా నీకొక్కడికే కనబడింది కాదు. చేత్తో ప్రతులు రాసుకున్న రోజుల్లో దొర్లిన పొరపాటని చాలామంది పండితులు అంటారు. అది నీ కంట పడిందంటే నువ్వు శ్రద్ధగా చదువుతున్నావన్నమాట. దానికి టెన్షన్ ఎందుకు?

ఫిలిప్పీ చెరసాల నాయకుణ్ణి గుర్తు తెచ్చుకో. అర్ధరాత్రి భూకంపం వచ్చి, ప్రాణం తీసుకోబోయి ఆగి, రక్షణ పొందడానికి నేనేం చెయ్యాలి అని వణుకుతూ అడిగాడు. "ప్రభువైన యేసునందు విశ్వాసముంచుము" అన్నారు ఆ చెరలోనే ఉన్న పౌలు సీలలు. గ్రంథాలు ఎన్ని, అవి ఎలా పుట్టాయి అని వాళ్ళు అతనికి పరీక్ష పెట్టలేదు. ఆ రాత్రికి కొత్త నిబంధనలో చాలా భాగం ఇంకా రాయనే లేదు. అయినా తెల్లారేలోపు అతను ఇంటిల్లిపాదితో బాప్తిస్మం పొందాడు. కొత్త నిబంధన 27 పుస్తకాలూ ఇవీ అని సరిగ్గా ఇప్పటి జాబితా మనకి కనబడేది క్రీస్తు శకం 367లో అలెగ్జాండ్రియా బిషప్పు అతనాసియసు రాసిన ఉత్తరంలో. అంతకుముందు ప్రభువు కోసం ప్రాణాలిచ్చిన వాళ్ళందరికీ రక్షణ లేదని ఎవరనగలరు?

అంత దూరం ఎందుకు, మన గోదావరి సంగతే చూడు. మిషనరీలు బౌడెన్ గారు, బీర్ గారు 1836లో ఇంగ్లండు నుంచి ఇండియా వచ్చి నర్సాపురంలో స్థిరపడ్డారు. తర్వాత ధవళేశ్వరం ఆనకట్ట పనికొచ్చిన కూలీల మధ్య కూడా సువార్త చెప్పారు. తెలుగులో కొత్త నిబంధన 1818లోనే అచ్చయింది గానీ, వాళ్ళు వచ్చేనాటికి పూర్తి బైబిలు ఇంకా అచ్చు కాలేదు. మన డెల్టాలో మొదట విశ్వసించిన వాళ్ళలో చదువు రానివాళ్ళే ఎక్కువ. చెవితో విన్నారు, ప్రభువుని పట్టుకున్నారు.

మా అమ్మ అలాంటిదే. నా పుట్టింటివాళ్ళది సహోదరుల (బ్రదరెన్) సంఘమని నీకు తెలుసుగా. అమ్మ ముసుగేసుకుని ప్రతి ఆదివారం రొట్టె విరిచే కూడికకి వెళ్ళేది. సంతకం కూడా రాదు, వేలిముద్రే. ఏ రాజు తర్వాత ఏ రాజో తెలీదు, ఏశావు కథ చెబుతూ మధ్యలో యాకోబు పేరు పెట్టేసేది. కానీ మా చిన్న తమ్ముడు కాలవలో పడి చనిపోయినప్పుడు, ఊరంతా ఏడుస్తుంటే, ఇరవై మూడో కీర్తన తడబడకుండా మొత్తం చెప్పింది. ఆమె విశ్వాసాన్ని నేను కళ్ళారా చూశాను. ఆమెకి ఈ కాగితం ఇచ్చి ఉంటే ఏం చేసేది?

ఇప్పుడొక మాట చెప్తాను, ఇన్నేళ్ళూ ఎవరికీ చెప్పలేదు. నేను సండే స్కూల్ చెప్పే రోజుల్లో పదో తరగతి కుర్రాడొకడు లేచి, దావీదు జనాభా లెక్క కథలో రెండో సమూయేలులో ఏడేళ్ళ కరువని ఉంది, మొదటి దినవృత్తాంతాల్లో మూడేళ్ళని ఉంది, ఏది నిజం టీచరుగారూ అనడిగాడు. నాకు జవాబు తెలీదు. తెలీదని ఒప్పుకోకుండా, ఇలా సందేహపడితే రక్షణ పోగొట్టుకుంటావు అన్నాను, అందరి ముందూ. తర్వాతి ఆదివారం రాలేదు. మళ్ళీ ఎప్పుడూ రాలేదు. చాలా ఏళ్ళకి ఒక పెళ్ళిలో కనబడి, "బాగున్నారా టీచరుగారూ" అని మర్యాదగా పలకరించాడు. అన్నం ముద్ద దిగలేదు నాకు. ఆ కుర్రాణ్ణి ఆపింది బైబిల్లో అంకె కాదు, నా మాట. నీకు ఈ ఉత్తరం రాయడానికి సగం కారణం అదే.

నీ పక్కన ఎవరూ లేరనుకోకు. 1978లో చికాగోలో, బైబిల్లో తప్పేమీ లేదని గట్టిగా నమ్మే పెద్దలే రెండు వందల మందికి పైగా కలిసి ఒక ప్రకటన మీద సంతకాలు చేశారు. ఆ నమ్మకాన్ని వదిలేస్తే మనిషికీ సంఘానికీ పెద్ద నష్టమని అందులో హెచ్చరించారు. కానీ రక్షణకి ఆ ఒప్పుకోలు అవసరం లేదని కూడా అందులోనే స్పష్టంగా రాశారు, పంతొమ్మిదో అంశంలో. వాళ్ళే అడగనిది మీవాళ్ళు నీ దగ్గర అడుగుతున్నారు. మన లూథరన్ సంఘానికి మూలపురుషుడైన లూథరు గారైతే 1522లో, బైబిల్లోదే అయిన యాకోబు పత్రికని గడ్డి పత్రిక అని తీసిపారేశారు. అయినా దాన్ని తన బైబిల్లోంచి తీసెయ్యలేదు.

ఇంక నువ్వు చెయ్యాల్సింది. నమ్మని మాట కింద సంతకం పెట్టకు. దేవుడి పేరుతో అబద్ధం ఆడటం సందేహం కంటే చెడ్డది. అలాగని గ్రూపులో మెసేజ్ పెట్టి గొడవపడకు, మీ లీడర్‌ని ఒక్కణ్ణే కలిసి నెమ్మదిగా మాట్లాడు. నువ్వేం నమ్మవో చెప్పడంతో మొదలుపెట్టకు, ఏం నమ్ముతావో చెప్పు. ప్రతి ఆదివారం గుళ్ళో చెప్పుకునే విశ్వాస ప్రమాణం నీకు నోటికొచ్చు కదా, అందులో తండ్రి ఉన్నాడు, కుమారుడు ఉన్నాడు, పరిశుద్ధాత్మ ఉన్నాడు, పాపక్షమాపణ, పునరుత్థానం ఉన్నాయి. బైబిలు ఎలాంటిదో చెప్పే వాక్యం ఒక్కటీ లేదు. అది చెప్పు చాలు. వాళ్ళు కోప్పడితే నువ్వు కోప్పడకు. ఒక ఇటుక తీస్తే ఇల్లంతా కూలుతుందేమోనని వాళ్ళ భయం. ఆ భయం నాకూ ఉండేది.

బైబిలు మాత్రం పక్కన పెట్టకు. వాక్యం లేకుండా ప్రభువు మనకెలా తెలిసేవాడు? క్రీస్తులో విశ్వాసం ద్వారా రక్షణకి కావలసిన జ్ఞానం లేఖనాలే ఇస్తాయని పౌలు తిమోతికి రాశాడు. పొద్దున్నే ఫోన్ ముట్టుకోకముందు లూకా సువార్త రోజుకో అధ్యాయం చదువు. తాను అన్నీ మొదటినుంచి విచారించి రాస్తున్నానని లూకా మొదట్లోనే చెప్పాడు, నీ బుద్ధికి అది నచ్చుతుంది. సందేహాలు ఒక నోటుబుక్కులో రాసుకో, అర్ధరాత్రి యూట్యూబులో వెతక్కు.

మొదటి ఆదివారం మన గుళ్ళో ప్రభురాత్రి భోజన సంస్కారం ఉంది. శుక్రవారం రాత్రి నర్సాపురం ఎక్స్‌ప్రెస్ ఎక్కి పాలకొల్లులో దిగు, మీ బాబాయి బండి తెస్తాడు. ఆ కాగితం, నోటుబుక్కు తెచ్చుకో. పాస్టరు అయ్యగారితో చెప్పాను, ఆరాధన అయ్యాక మనింటికే భోజనానికి వస్తానన్నారు. ఏడేళ్ళా మూడేళ్ళా అని ఆ రోజు నేనూ అడుగుతాను.

ప్రభువు నీకు తోడుండు గాక.

మీ మామ్మ