తోట అమ్మి విదేశీ ఎంబీబీఎస్‌కు పంపాలా, నర్సింగ్‌లో చేర్చాలా?

ప్రశ్న: మాది దేవరకొండ దగ్గర పల్లె. మా అమ్మాయి బైపీసీ. లాంగ్ టర్మ్ కోచింగ్ తీసుకుని రెండోసారి నీట్ రాసింది. మొదటిసారి కంటే మార్కులు పాతిక పెరిగాయి. క్వాలిఫై అయింది గానీ కన్వీనర్ కోటాలో సీటు వచ్చేలా లేదు. ఈఏపీసెట్ కూడా రాసింది. ఇప్పుడు బీఎస్సీ నర్సింగ్ చేస్తానంటోంది. ఇంత చదివి నర్సా అని చుట్టాలు అంటున్నారు. కిర్గిజ్‌స్థాన్‌లో ఎంబీబీఎస్ మొత్తం పాతిక లక్షల్లో అయిపోతుందని కన్సల్టెన్సీ వాళ్లు చెప్పారు. రెండెకరాల బత్తాయి తోట అమ్మితే సరిపోతుంది. ఏది మంచిది?

జవాబు: నీట్ రిజల్ట్స్ వచ్చాక ఏటా ఈ ప్రశ్న నా దగ్గరికి వస్తుంది. ఊరు ఒకసారి అచ్చంపేట, ఒకసారి మిర్యాలగూడ. అమ్మకానికి పెట్టేది ఒకరు తోట, ఒకరు ప్లాటు. మధ్యలో చుట్టాల మాట మాత్రం అందరికీ ఉంటుంది. ఏ చదువు మంచిదని అడిగారు గానీ మీ టెన్షన్ అది కాదు. బిడ్డ డాక్టర్ చదవబోతోందని ఊళ్లో చెప్పుకున్నారు. ఇప్పుడు నర్సింగ్ అని ఏ మొహంతో చెప్పాలి, రేపు సంబంధాలు వస్తాయా రావా అన్నది మీ భయం.

ముందు ఆ ప్యాకేజీ సంగతి చూద్దాం. ఇలాంటి కాగితాలు నా టేబుల్ మీదికి చాలానే వస్తాయి. రంగుల ప్రింటు, వెనక మంచు కొండలు, ఫీజు, హాస్టల్, ఇండియన్ మెస్ అని మూడు లైన్లు. ‘డాలర్ రేటును బట్టి మారును’ అన్న మాట అట్టడుగున, కళ్లద్దాలు పెట్టుకుంటే గానీ కనపడదు. ఏటా వీసా రెన్యువల్, సెలవులకు వచ్చిపోయే టికెట్లు, తిరిగొచ్చాక హైదరాబాద్‌లో కోచింగ్, ఆ కోచింగ్‌కి మళ్లీ హాస్టల్ ఖర్చు చాలా కాగితాల్లో ఉండవు. మీ దగ్గరున్న కాగితంలో ఉన్నాయేమో వెతకండి.

ఆ కోచింగ్ దేనికంటే, విదేశీ డిగ్రీతో ఇక్కడ ప్రాక్టీస్ పెట్టాలంటే ఎఫ్‌ఎంజీఈ అనే స్క్రీనింగ్ పరీక్ష పాస్ కావాలి. 300 ప్రశ్నలకు 150 రావాలి. ఏడాదికి రెండుసార్లు పెడతారు. చాలాసార్లు నూటికి ముప్పై మంది కూడా గట్టెక్కడం లేదు. వాళ్లంతా మొద్దులని కాదు. క్లాసు ఇంగ్లిష్‌లో నడుస్తుంది, వార్డులో రోగి మాత్రం రష్యన్‌లోనో కిర్గిజ్‌లోనో నొప్పి చెప్పుకుంటాడు. కడుపులో ఎక్కడ నొప్పి, ఎప్పటి నుంచి అని అడగడం రాని పిల్ల కేస్ షీట్ ఏం రాస్తుంది?

2021లో జాతీయ వైద్య కమిషన్ కొత్త రూల్స్ పెట్టింది. చదువు కనీసం 54 నెలలు ఉండాలి, 12 నెలల ఇంటర్న్‌షిప్ అక్కడే చేయాలి, ఆ దేశంలో ప్రాక్టీస్‌కు లైసెన్స్ వచ్చే డిగ్రీ అయి ఉండాలి. వచ్చాక ఇక్కడ మళ్లీ ఏడాది ఇంటర్న్‌షిప్. ఎక్కడా ఆగకుండా నడిచినా మీ అమ్మాయి చేతికి సంపాదన వచ్చేసరికి ఏడెనిమిదేళ్లు పడుతుంది. 2024 మే నెలలో బిష్కెక్‌లో విదేశీ విద్యార్థుల హాస్టళ్ల మీద దాడులు జరిగాయి. కన్సల్టెన్సీ వాళ్లు ఆ మాట ఎత్తి ఉండరు. అక్కడ చదివొచ్చి మొదటిసారికే పాసై, మన జిల్లాలోనే మంచి పేరు తెచ్చుకున్న డాక్టర్లు లేకపోలేదు. అయితే వాళ్లు వెళ్లింది డాక్టర్ కావాలన్న పట్టుదలతో, చుట్టాల నోరు మూయించడానికి కాదు.

ఇక్కడే ప్రైవేట్ కాలేజీలో బీ కేటగిరీ, అంటే మేనేజ్‌మెంట్ కోటా సీటు అంటే ఏడాదికి రూ.11 లక్షలు దాటుతుంది, ఆ ఊసు మీరే ఎత్తలేదు. మూడోసారి నీట్ కోసం ఇంకో ఏడాది లాంగ్ టర్మ్ కూడా వద్దంటాను. ఏడాదంతా కూర్చుంటే పెరిగింది పాతిక మార్కులే కదా.

నర్సింగ్ విషయంలో కూడా తీపి కబుర్లు చెప్పను. చదువు నాలుగేళ్లు. ప్రైవేట్ ఆస్పత్రిలో మొదటి జీతం ఇరవై వేల దగ్గర మొదలవడం మామూలే. నైట్ డ్యూటీలు తప్పవు, రోగి మలమూత్రాలు శుభ్రం చేయాల్సి వస్తుంది. డాక్టర్ రౌండ్స్‌కి వచ్చి పడక దగ్గర కాసేపు నిలబడి మందు రాసి వెళ్తారు. రాత్రి రెండింటికి బీపీ పడిపోతే ముందు పరిగెత్తేది సిస్టరే. ఇది చేయగలనా అని మీ అమ్మాయి తనను తాను అడిగి చూసుకోవాలి. నర్సింగ్ చేసి తర్వాత ఎంబీబీఎస్‌లోకి మారొచ్చని ఎవరైనా చెబితే నమ్మకండి, అలాంటి దారి లేదు, మళ్లీ నీట్ రాయాల్సిందే.

ప్రభుత్వ ఉద్యోగం వస్తే లెక్క వేరు. రాష్ట్రంలో స్టాఫ్ నర్సు మూల వేతనం రూ.36,750 దగ్గర మొదలవుతుంది. ఎయిమ్స్‌లో, అంటే మన బీబీనగర్‌తో సహా, నార్సెట్ అనే నియామక పరీక్ష రాసి చేరితే మూల వేతనం రూ.44,900. 2022 డిసెంబరులో రాష్ట్రంలో 5,204 స్టాఫ్ నర్సు పోస్టులకు నోటిఫికేషన్ వచ్చింది, పోస్టులు పెరిగి 2024 జనవరిలో దాదాపు ఏడు వేల మంది నియామక పత్రాలు అందుకున్నారు. ఏటా అలా పడతాయని ఆశ పెట్టుకోకండి. మిలిటరీ నర్సింగ్‌కు ముందు నీట్ మార్కులతో వడపోస్తారు, ఆ తర్వాత పరీక్ష, ఇంటర్వ్యూ ఉంటాయి. ఉద్యోగం లెఫ్టినెంట్ హోదాతో మొదలవుతుంది. ఈసారికి గడువు ఉందేమో చూడండి. జర్మనీలో నర్సు ఉద్యోగాల మాట కూడా మీ చెవిన పడుతుంది. రాష్ట్ర ప్రభుత్వ సంస్థ టామ్‌కామ్ భాష నేర్పి పంపిస్తోంది, అది నిజమే. కానీ జర్మనీ కోసమే నర్సింగ్‌లో చేరితే మొదటి వార్డు పోస్టింగ్‌లోనే విసుగొస్తుంది.

ఇక సంబంధాల గురించి. పెద్దవారు, కోపం తెచ్చుకోకండి. మీ ఇంట్లో ఎవరో ఒకరికి ఆపరేషనో, కాన్పో అయ్యే ఉంటుంది. ఆ రాత్రి సిస్టరమ్మా, సిస్టరమ్మా అని ఎవరి వెనక తిరిగారు? ఆమె మీ బిడ్డ అయితే నామోషీ అవుతుందా? రెండేళ్లు గదిలో కూర్చుని చదివిన పిల్ల, తన మార్కులు చూసుకుని, తనకు తానే ఒక దారి వెతుక్కుని వచ్చి మీకు చెప్పింది. ఆ వయసులో అంత నిదానం అందరికీ ఉండదు. మీరేమో ఆ మాట వదిలేసి, కన్సల్టెన్సీ మాట పట్టుకున్నారు. తోట పోతే, ఈ పిల్ల నీట్‌లో తక్కువ మార్కులు తెచ్చుకోబట్టే పోయిందని తర్వాత మీరు అనకపోయినా మీ ఇంట్లో ఎవరో ఒకరు అంటారు. అది ఆ పిల్ల జీవితమంతా మోయాలి.

కాలేజీ మాత్రం జాగ్రత్తగా చూసుకోండి. ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్, రాష్ట్ర కౌన్సిల్ గుర్తింపు ఉందా, కనీసం వంద పడకల సొంత ఆస్పత్రి ఉందా అడగండి. అడిగి ఊరుకోకండి, పొద్దున పూట ఆ ఆస్పత్రికే వెళ్లి వార్డుల్లో యూనిఫామ్‌లో పిల్లలు కనపడుతున్నారో లేదో చూడండి. ‘అటెండెన్స్ మేం చూసుకుంటాం’ అన్న కాలేజీలో అడ్మిషన్ తీసుకోవద్దు, ఆ పిల్లలకు సూది వేయడం కూడా సరిగా రాదు.

కన్వీనర్ సీట్లు వరంగల్‌లోని కాళోజీ హెల్త్ యూనివర్సిటీ ఈఏపీసెట్ ర్యాంకుతో భర్తీ చేస్తోంది, నోటిఫికేషన్ వాళ్ల వెబ్‌సైట్‌లోనే వస్తుంది. ఈలోగా స్టడీ సర్టిఫికెట్లు అన్నీ ఒకచోట పెట్టండి. కుల, ఆదాయ ధ్రువపత్రాలకు మీసేవలో ఇప్పుడే అప్లై చేయండి, చివరి వారంలో రద్దీ ఎక్కువ. కన్సల్టెన్సీ వాళ్లకు పాస్‌పోర్టు, ఒరిజినల్ మెమోలు ఇచ్చి ఉంటే రేపే వెళ్లి తిరిగి తెచ్చుకోండి.